పగటిపూట పడుకునే సంఘం

గోదావరిఖనికి నేను వెళ్ళింది చూడ్డానికి కాదు, పోట్లాడ్డానికి. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. అక్కడ చూడదగ్గవేమిటి, ఏ నెలలో వెళ్తే ఎండ తక్కువ అని అడగబోయేవాళ్ళు చివరిదాకా చదివి నన్ను తిట్టుకోకుండా ఉంటారు. ఏ నెలలో వెళ్ళినా ఎండే.

మా తమ్ముడు జీవరత్నం అక్కడి లూథరన్ సంఘానికి పాస్టరు. వెళ్ళి ఇంకా ఏడాది కాలేదు. మొన్నామధ్య ఒక గురువారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

“అక్కా, ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ సభ పెట్టారు. నన్ను ఉంచాలో పంపాలో ఆ సభలో తేలుస్తారట” అన్నాడు.

నవ్వుతూ చెప్పాలని చూశాడు గానీ వాడి నవ్వులన్నీ నాకు తెలిసినవే. ఇది వాడికి మూడో ఊరు. మొదటి ఊళ్ళో సంఘం మరీ చిన్నది, జీతం ఇవ్వలేక పంపేశారు. రెండో ఊళ్ళో పెద్దలు రెండు ముఠాలైతే వీడు మధ్యలో నలిగి బయటపడ్డాడు.

“ఇక్కడా వద్దంటే ఇక పాస్టరు పనే మానేస్తానక్కా. బావ ఎరువుల కొట్లో కూర్చుంటా.”

బావ అంటే మా ఆయన. ఆ కొట్లో ఇప్పటికే కూర్చునేవాళ్ళు ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. అదలా ఉంచండి. పదేళ్ళ వయసునుంచి పాస్టరునవుతానంటూ మా పెరట్లో కోళ్ళకు ప్రసంగాలు చేసినవాడు యూరియా బస్తాల మధ్య కూర్చోవడం నేను చూడలేను.

“కారణం ఏంట్రా?”

“ఎవరూ చెప్పరక్కా. ఇళ్ళకు ప్రార్థనకు వెళ్తే తలుపులు తియ్యట్లేదు. కోస్తావాణ్ణని గిట్టదేమో.”

నాకు ఆ ఒక్క మాట చాలు. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్తాను. వాదించడం నాకు బతుకుతెరువు, ఆదివారాల్లో కాలక్షేపం కూడా. అప్పటికప్పుడు తత్కాల్‌లో టికెట్ తీసుకున్నాను.

శుక్రవారం పొద్దున ఐదున్నరకు గుంటూరు బస్టాండులో బస్సెక్కి, ఏడు దాటాక విజయవాడ స్టేషన్‌లో దిగాను. ఢిల్లీ వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఎనిమిదింటికి రావాలి. తొమ్మిది కావస్తుండగా వచ్చింది. ఈలోగా ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాను. చట్నీలో కొబ్బరి ఉందని అమ్మేవాడు ఒట్టేశాడు, నాకు కనపడలేదు. మీరు వెళ్తే ఇంట్లోంచే ఏదైనా కట్టుకెళ్ళండి.

నా ఎదుటి సీట్లో బెల్లంపల్లి పెద్దావిడ ఒకామె, పై బెర్తు మీద ఆమె భర్త. ఆయన విజయవాడలోనే ముసుగుతన్ని పడుకున్నాడు. ఖమ్మం దాటింది, మానుకోట దాటింది, ఆ ముసుగు కదల్లేదు.

“ఒంట్లో బాగాలేదామ్మా ఆయనకి?” అని అడిగాను.

“మంచిగనే ఉన్నడు బిడ్డా. బాయిల పని చేసి రిటైరైండు. రిటైరై ఎన్నేండ్లాయె, ఇంకా మూడు వారాలకోసారి గిట్లనే పగటీలి పండుకుంటడు. ఇది నైట్ షిఫ్టు వారమన్నట్టు.”

బాయి అంటే బావి కాదు, బొగ్గు గని. ఆ వైపు వెళ్ళేవాళ్ళు ఈ మాటొక్కటి గుర్తుంచుకుంటే చాలు, సగం సంభాషణ అర్థమవుతుంది.

“నువ్వేడికి పోతున్నవ్?”

“గోదావరిఖనికి. మా తమ్ముడు అక్కడ చర్చిలో పాస్టరు. పంపించేస్తామంటున్నారు, కనుక్కుందామని.”

“ఏం చేసిండు?”

“ఏమీ చెయ్యలేదు.”

“ఏం చెయ్యకుంటె ఎవలు పంపిస్తరు బిడ్డా?” అని ఆవిడ సంచిలోంచి సకినాలు తీసి నా చేతిలో పెట్టింది. నేను సకినం నమిలాను. వరంగల్ వచ్చేదాకా నమిలాను, అంత గట్టిగా ఉంది.

పెద్దపల్లి దాటాక కిటికీ బయట దృశ్యం మారిపోయింది. పొలాల వెనక కొండల్లాంటివి కనిపించాయి గానీ వాటికి కొండల పోలిక లేదు, పైన బల్లపరుపుగా కోసినట్టున్నాయి. ఓపెన్‌కాస్ట్ గనుల్లోంచి తవ్వి పోసిన మట్టి గుట్టలట. వాటి వెనక థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. రెండింటికి రామగుండంలో దిగాను. తమ్ముడు తెల్ల చొక్కాతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. చిక్కాడు. గొంతు మాత్రం చిక్కలేదు. “అక్కా!” అన్న కేకకు కూలీలిద్దరు వెనక్కి తిరిగి చూశారు.

స్టేషన్ నుంచి ఖనికి షేర్ ఆటో, మనిషికి ముప్ఫై రూపాయలు. ఎక్కిన ఏడుగురిలో నేను సగం బయటే ఉన్నాను. పాస్టరుగారి అక్కనని, వాళ్ళ మాటలో అయ్యగారి అక్కనని, తెలిసి డ్రైవరు డబ్బు తీసుకోనన్నాడు. తీసుకోవాలని నేను వాదించాను. నేనే గెలిచాను. ఆ ఊళ్ళో నేను పూర్తిగా గెలిచిన వాదం అదొక్కటే అని తర్వాత తెలిసింది.

గుడి, అంటే మావాళ్ళ మాటలో చర్చి, చిన్నది. పసుపు రంగు గోడలు, రేకుల కప్పు, పక్కనే పాస్టరు ఉండే రెండు గదుల పార్సనేజీ. కిటికీ అంచు మీద వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. పొద్దున తుడిచినదేనట.

“చూడక్కా ఇక్కడి భక్తి! రోజూ ఐదింటికి గంట కొడదామన్నాను. పెద్దలు వద్దన్నారు. ఆదివారం ఒక్కసారి కొడితే చాలట. మొదటి వరసలో కూర్చున్నవాళ్ళు నా కళ్ళముందే నిద్రపోతారు. పేరుపెట్టి పిలిచి లేపితే మొహాలు మాడ్చుకుంటారు.”

“వెధవలు” అన్నాను నేను. అప్పటికి నాకూ అలాగే తోచింది.

శనివారం తొమ్మిదింటికి బైబిలు స్త్రీ దీనమ్మ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళతో ప్రార్థన చేసే సంఘ సేవకురాలిని బైబిలు స్త్రీ అంటారని మా సంఘాలతో పరిచయం లేనివాళ్ళ కోసం చెప్తున్నాను. పాస్టర్లు మారుతుంటారు, బైబిలు స్త్రీ ఉండిపోతుంది. దీనమ్మ సన్నటి మనిషి, నా కంటే ఓ పదేళ్ళు పెద్ద. భర్త గనిలో పనిచేసి పోయాడు. ఆమెతో తిరిగితే ఎవరెవరు మా వాడికి శత్రువులో తేలుతుందని నేనూ బయల్దేరాను.

కంపెనీ క్వార్టర్ల వీధి మొదట్లో దీనమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది.

“కాళ్ళు కాలవా?” అన్నాను.

“చెప్పులు చప్పుడైతయమ్మా” అంది, గాలి వీచినట్టు.

పది గంటల ఎండలో ఆ వీధి అర్ధరాత్రిలా ఉంది. ఒక్క రేడియో లేదు, ఒక్క కుక్కర్ ఈల లేదు. చాలా తలుపుల గొళ్ళేలకు పాత తువ్వాళ్ళు చుట్టి ఉన్నాయి. ఒక తలుపును దీనమ్మ కొట్టలేదు, గోటితో గీరింది. లోపల్నించి ఒకావిడ వచ్చి వేలు నోటిమీద పెట్టుకుని మమ్మల్ని వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. దీనమ్మ కూడా ఓ గుప్పెడు అందుకుంది.

తర్వాత జరిగింది నేనెక్కడా చూడలేదు. నలుగురూ పాట మొదలుపెట్టారు. పెదాలు కదులుతున్నాయి, తలలు ఊగుతున్నాయి, వేళ్ళు మోకాళ్ళమీద తాళం వేస్తున్నాయి, శబ్దం మాత్రం లేదు. ఒక్క క్షణం నా చెవులు పోయాయేమోనని భయపడి చిటికె వేసి చూసుకున్నాను. ఇంటావిడ ఉలిక్కిపడి గదివైపు చూసింది. రెండో చరణం దగ్గర ఒకామె కాస్త వెనకబడితే దీనమ్మ మోచేత్తో పొడిచింది. పాట అయిపోయింది. ప్రార్థన చెవిలో చెప్పుకునే రహస్యంలా సాగింది. ఆమెన్ దగ్గర అందరూ కళ్ళు మూసి తెరిచారు, అంతే.

బయటికొచ్చాను. నోరు అంతసేపు మూసుకునేసరికి నాకు తేన్పులొచ్చాయి. అదే సమయానికి కూరగాయల బండివాడు వీధిలోకి తిరిగాడు. మా వీధిలో బండివాళ్ళు అరిచే అరుపుకు పాలు విరుగుతాయి. ఇతను ఒక్క మాట లేకుండా బండి తోసుకుంటూ, ఓ చేత్తో సొరకాయ పైకెత్తి చూపిస్తూ వస్తున్నాడు.

“ఎంతయ్యా వంకాయలు?” అన్నాను.

ఆరు వేళ్ళు చూపించాడు.

“అరవయ్యా? నోట్లో నాలుక లేదా నీకు? వేళ్ళు చూపిస్తే ధర తగ్గినట్టు కనిపిస్తుందనా? గుంటూరులో ఇంతకు సగం! పైగా ఇవి పుచ్చులు. చూడు, ఇదిగో పుచ్చు, ఇది ఇంకో పుచ్చు!”

బండివాడు రెండు చేతులూ జోడించాడు. బేరానికి లొంగాడనుకుని గొంతు ఇంకొంచెం పెంచాను. వెనక ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. తర్వాత వరసగా. లుంగీలమీద మగవాళ్ళు, ఎర్రటి కళ్ళు, చెదిరిన జుట్లు. చూస్తుండగానే పది మంది గడపల్లో నిలబడి నన్ను చూస్తున్నారు. నడివయసు మనిషి ఒకాయన ఆవలిస్తూ, మర్యాదగానే అడిగాడు.

“ఏ ఊరక్కా మీది?”

“గుంటూరు.”

ఆయన పక్కింటాయన వైపు తిరిగాడు. “అయ్యగారి అక్కనే అయితరు.”

వీధి వీధంతా నవ్వింది. ఇంకా నిద్రపోతున్నవాళ్ళు కూడా ఆ నవ్వుకు లేచారు. దీనమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరున్న గడపలోకి లాగింది. అది మోషే అనే కుర్రాడి ఇల్లు. పాతికేళ్ళుంటాయేమో, పెళ్ళయి ఏడాదట. కుడిచేతి చూపుడువేలికి పెద్ద కట్టు ఉంది.

“ఏమైంది బాబూ?” ఈసారి నెమ్మదిగానే అడిగాను. నా లెక్కలో నెమ్మది.

“టబ్బు కొక్కెంల నలిగిందక్కా. జర కన్ను మూతవడ్డది. నా గాచారం.”

టబ్బు అంటే గనిలో బొగ్గు మోసే బండి, గాచారం అంటే గ్రహచారం. కానీ అతని భార్య ఒప్పుకోలేదు. చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ అంది.

“గాచారం కాదు, ఏం కాదు. మూడొద్దులు పక్కింట్ల ఉపవాస ప్రార్థనలాయె. అయ్యగారు పొద్దుగాల పదింటికే డబ్బా మైకు పట్టుకొని వచ్చిండ్రు. ఈయన నైట్ చేసి వచ్చి మూడొద్దులు కన్ను మూయలే. నాలుగో దినం పోయి వేలు వెట్టిండు.”

“ఏ, నువ్వు గమ్మునుండు” అన్నాడు మోషే. “అయ్యగారు మంచోళ్ళక్కా. దవాఖానకు గూడ వచ్చి ప్రార్థన చేసిండ్రు. వార్డంత లేచింది.”

చాయ్ గ్లాసు పక్కకు జరిపాను. వేలు నలిగి ఊరుకుంది. చెయ్యి పోయుండొచ్చు, మనిషే పోయుండొచ్చు. ఇక్కడ నిద్ర అంటే బద్ధకం కాదు, కింద గనిలో ప్రాణం నిలబెట్టే సరుకు. ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఒక్కో ఇంటికి ఒక్కో వేళ అర్ధరాత్రి.

“మరి మా వాడికి ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“అయ్యగారికి ఎట్ల చెప్తం? ప్రార్థన ఆపుమని నోటితోని అంటమా? అందుకే తలుపు తియ్యలే” అంది మోషే భార్య.

“మీరైనా చెప్పాల్సింది” అని దీనమ్మ మీద పడ్డాను, దారిలో.

“మూడుసార్లు చెప్పినమ్మా. నేను మెల్లగ చెప్పిన, అయ్యగారు గట్టిగ స్తోత్రం అన్నరు.”

పార్సనేజీకి వచ్చాక తలుపు వేసి తమ్ముడికి మొత్తం చెప్పాను. వాడు మొదట ఒప్పుకోలేదు. ప్రార్థనకు వేళేమిటన్నాడు. దేవుడికి వేళ లేదు, మోషేకి ఉందన్నాను. ఆ మైకు సొంత డబ్బుతో కొన్నానన్నాడు. సొంత డబ్బుతో ఇంకేమైనా కొనుక్కోలేకపోయావా అన్నాను. అరగంట గట్టిగానే అరుచుకున్నాం. తర్వాత వాడు ఉన్నట్టుండి ఆగిపోయి, “దవాఖానలో కూడా గట్టిగా చేశానక్కా. వార్డంతా ఆమెన్ అంటే సంతోషపడ్డాను” అన్నాడు.

అన్నం కలిపి వదిలేశాడు. లేచి చొక్కా తొడుక్కుంటున్నాడు.

“ఎక్కడికిరా?”

“ఇల్లిల్లూ తిరిగి క్షమించమని అడిగొస్తాను.”

“ఇప్పుడు రెండున్నర. సగం మంది పడుకుని ఉంటారు. కూర్చో!”

కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. రేపు సభలో వాడి తరఫున ఏం చెప్పాలో నాకూ తోచలేదు. వచ్చేటప్పుడు సిద్ధం చేసుకున్న వాదమంతా కోస్తా మీదా ద్వేషం మీదా ఉంది. ఇప్పుడు అది దేనికీ పనికిరాదు. న్యాయం అవతలి వాళ్ళ వైపుంటే వాదించడం ఎంత కష్టమో పాతికేళ్ళు పౌరశాస్త్రం చెప్పినా తెలియలేదు.

ఆదివారం తొమ్మిదింటికి ఆరాధన. గుడిలో వింత ఒకటి చూశాను. ముందు బెంచీలు సంఘ పెద్దలకు కాదు, గొప్పవాళ్ళకు కాదు, రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్ళకు. ఫ్యాన్లు అక్కడే ఉన్నాయి. సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గరి రొట్టె, ద్రాక్షరసం, వాళ్ళకే ముందు ఇస్తారు, తీసుకుని ఇంటికెళ్ళి పడుకోవచ్చు. తలస్నానం చేసి తడి జుట్లతో వచ్చిన ఆ ఏడెనిమిది మంది కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు చార ఇంకా ఉంది. వాళ్ళ పక్కన పెద్దల్లో ఒకాయన కూర్చుంటాడు, పడిపోకుండా పట్టుకోవడానికి. ఆ రోజు కూర్చున్నది సమ్మయ్య, సంఘ పెద్దల్లో ముఖ్యుడు. సమ్మక్క మొక్కుతో పుట్టి ఆ పేరు పెట్టించుకున్నాడట. తర్వాత క్రైస్తవుడయ్యాడు. పేరు మార్చుకోమని వచ్చిన ప్రతి పాస్టరూ చెప్పాడు, ఆయన వినలేదు. మా వాణ్ణి పంపించాలన్న మాట మొదట అన్నది ఆయనే.

తమ్ముడు ప్రసంగం ఎప్పటి గొంతుతోనే ఎత్తుకున్నాడు. కప్పు రేకులు గుయ్‌మన్నాయి. రెండో నిమిషంలో మొదటి బెంచీలో ఒకాయన తల సమ్మయ్య భుజం మీదికి వాలింది. గురక చిన్నగా మొదలైంది. గుడిలో అందరి చూపులూ మా వాడి మీదికి తిరిగాయి. ఇప్పుడు పేరుపెట్టి పిలుస్తాడని వాళ్ళకు తెలుసు.

వాడు ఆగాడు. మైకు స్విచ్ తీసేశాడు. ప్రసంగ వేదిక దిగి, నిద్రపోతున్న ఆయన్ని దాటి, గుడి మధ్యలోకి వచ్చి నిలబడి, ఇంట్లో పక్కమీద పిల్లకు కథ చెప్పేంత గొంతుతో మొదలుపెట్టాడు.

“అయ్యగారూ, వినవడ్తలేదు!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

“ఏ, ఒర్రకు! పండుకున్నరు కనవడ్తలేదా?” అని నలుగురు ఒకేసారి అతని మీద పడ్డారు.

వెనకవాళ్ళు లేచి ముందుకొచ్చి వాడి చుట్టూ చాపల మీద కూర్చున్నారు. వాడు ఏం చెప్పాడో నాకు సగమే వినపడింది, గురక అడ్డొచ్చి. ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచి ఆ గొంతు కిందికి దిగడం నేను చూడలేదు. సంస్కారం వేళకు వాడు నిద్రపోతున్న ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, చెవిలో చెప్పి లేపాడు. ఆయన కళ్ళు తెరిచి, పాస్టరు మొహం అంత దగ్గర చూసి కంగారుపడి, “డ్యూటీ టైమైందా?” అన్నాడు.

ఆరాధన తర్వాత చాయ్, మిర్చీ బజ్జీలు. వాటితోపాటే సభ. సమ్మయ్య లేచి నిలబడ్డాడు.

“అయ్యగారి మీద మాకు కోపం లేదు. గాని మా తీరుకు వచ్చేటట్టు లేరు. ఎవలన్న మాట్లాడుతరా?”

నేను లేచాను.

“మీరు ఈ సంఘం సభ్యులా అక్కా?”

“కాదు.”

“మరి?”

“వాదించేదాన్ని” అన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. “సమ్మయ్యగారూ, తప్పు మా వాడిదే. మోషే వేలు చూశాక ఇంకో మాట అనను. ఒక్కటే అడుగుతా. గనిలోకి కొత్త మనిషి వచ్చాడు. పైకప్పు వదులుగా ఉన్నచోట నిలబడ్డాడు. మీరు చెప్తారా, చెప్పకుండా పక్కకు తప్పుకుంటారా?”

“చెప్తం. చెప్పకుంటె సస్తడు గదా.”

“మరి ఈ కొత్త మనిషికి ఎవరు చెప్పారు? ఇన్ని నెలలు తలుపులు మూసుకున్నారు. మూసిన తలుపు చూసి ఎవడికైనా ఏం అర్థమవుతుంది? నాకైతే మీరు కోస్తావాళ్ళను ద్వేషిస్తున్నారని అర్థమైంది. ఆ కోపంతోనే రైలెక్కి వచ్చాను!”

సమ్మయ్య గడ్డం గీక్కున్నాడు. గుడిలో గుసగుసలు లేచాయి. “అడిగింది న్యాయమే” అని ఒకరు, “గంత గట్టిగ అడుగుడెందుకు” అని ఒకరు. అప్పుడు దీనమ్మ నిలబడింది. ఆమె మాట వినాలంటే గుడంతా ఊపిరి బిగబట్టాలి. బిగబట్టింది.

“బాయిల దిగేటోళ్ళకు ముందుగాల ట్రైనింగ్ ఇస్తరు. అయ్యగారికి మనం ఇచ్చినమా? ఒక్క నెల మూడు షిఫ్టులు తిప్పుండ్రి. మనం పండుకున్నప్పుడు పండుకోవాలె, మనం లేచినప్పుడు లేవాలె. అటెన్క ఇల్లు ఇల్లు తిరగనియ్యుండ్రి. పంపుడెందుకు?”

సమ్మయ్య మా వాడి వైపు చూశాడు. “అయ్యగారూ, చేస్తరా?”

“ముందు ఏ షిఫ్టు?” అన్నాడు తమ్ముడు. మెల్లగా అన్నాడు.

“నైట్!” అంది గుడి మొత్తం.

చేతులెత్తమన్నారు. మొదటి బెంచీలో ఇందాకటి ఆయన ఇంటికెళ్ళలేదు, అక్కడే మళ్ళీ నిద్రపోయాడు. ఆయన భార్య ఆయన మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తింది.

“ఏ, నిద్రల ఉన్నోని ఓటు చెల్లదు” అన్నాడు సమ్మయ్య.

“నిద్ర పోనిచ్చినందుకే ఈ ఓటు” అందామె.

ఆ నవ్వుకు మాత్రం ఆయన లేచాడు. వద్దని ఇద్దరే అన్నారు. వాళ్ళు ఫ్యాన్లు కొందామన్నప్పుడూ వద్దన్నారట. సమ్మయ్య తన ఓటు వెయ్యలేదు గానీ, “రాత్రి పదింటికి తయారుగుండుర్రి అయ్యగారూ. గేటు కాడికి నేనే తోలుకపోత” అన్నాడు. అది ఓటు కంటే ఎక్కువ.

సోమవారం ఉదయం ఏడున్నరకు తమ్ముడు వచ్చాడు. డ్యూటీకి దిగేవాళ్ళ కోసం గేటు బయట ప్రార్థన చేసి, రాత్రంతా చాయ్ కొట్టు బల్లమీద మేలుకుని, పొద్దున పైకొచ్చినవాళ్ళతో చాయ్ తాగి వచ్చాడు. కళ్ళు మిరపపళ్ళు. “అక్కా, వాళ్ళు పైకి రాగానే ముందు ఆకాశం చూస్తారు, తెలుసా” అన్నాడు. ఇడ్లీ సగం నోట్లో ఉండగానే మంచం మీద ఒరిగాడు. తొమ్మిదింటికి నేను బయల్దేరేటప్పుడు లేపబుద్ధి కాలేదు. దీనమ్మ ఆటో దాకా వచ్చింది. పొట్లంలో సకినాలు పెట్టింది. ఇవి మెత్తగా ఉన్నాయి.

రైలు సమయానికే వచ్చింది, ఎందుకో మరి. జమ్మికుంట దగ్గర అమ్మ ఫోన్ చేసింది. గుంటూరు నుంచి ఫోన్ లేకుండానే వినిపించేంత గట్టిగా మాట్లాడుతుంది మా అమ్మ.

“ఏమైందే? ఉంచారా, పంపారా?”

“ఉంచారమ్మా.”

“వాడికి ఫోన్ ఇవ్వు!”

“నేను రైల్లో ఉన్నా. వాడు అక్కడ నిద్రపోతున్నాడు.”

“పగలు పదకొండింటికి నిద్రేంటే? జ్వరమా?”

“నైట్ డ్యూటీ.”

“పాస్టరుకి నైట్ డ్యూటీ ఏంటే!”

చెప్పాను. జమ్మికుంట నుంచి కాజీపేట పరిసరాల దాకా చెప్పాను. ఎదుటి సీటాయన దినపత్రిక మడిచి మరీ విన్నాడు. ఆ సంఘం గురించి నాకు మిగిలిన మాట కూడా అమ్మకు చెప్పిందే. పక్కవాడి నిద్రను కాపలా కాయడం వాళ్ళ భక్తిలో ఒక భాగం. ఆ భక్తి తెలియని మనిషిని ఉంచుకుని నేర్పుదామనుకోవడం వాళ్ళ పెద్దమనసు. అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి, చెప్పులు చేతిలో పట్టుకుని నడవండి, వంకాయలకు అడిగినంత ఇచ్చెయ్యండి.

“నేనూ వెళ్ళి చూసొస్తాను వాణ్ణి” అంది అమ్మ.

“వెళ్ళు. కానీ ఆ వీధిలో నోరెత్తకుండా నడవాలి.”

“అది మనింట్లో ఎవరివల్ల అవుతుందే?” అంది.

“తమ్ముడివల్ల అయిందమ్మా. నేను చూశాను.”